వాళ్ల బంగారం వాళ్లకే అప్పుగా: ఎల్మినా, కుమాసీ చూసొచ్చాక

ఘానా వెళ్లేవాళ్లు రాజధాని అక్రా తిరిగి, సముద్రం ఒడ్డున ఉన్న కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు చూసి అంతటితో సరిపెట్టుకుంటుంటారు. లోపలి వైపున్న కుమాసీ నగరాన్ని మాత్రం వదులుకోకండి. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. అక్రా పక్కనున్న తేమాలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది రమ్మంటే నేనూ మా ఆవిడా వెళ్లాం. అప్పటికి ఒక సీడీ (ఘానా కరెన్సీ) మన డబ్బుల్లో దాదాపు ఎనిమిది రూపాయలు.

అక్రాలో ఏ ఇబ్బందీ లేదు. 1957 మార్చి 6న దేశ తొలి ప్రధాని క్వామే ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించిన పాత పోలో మైదానంలోనే ఇప్పుడు ఆయన సమాధి ఉంది. 1966లో సైన్యం ఆయన్ని దించేసినప్పుడు విరగ్గొట్టిన విగ్రహాన్ని అతికించకుండా, మొండెం ఒకచోట, తల ఒకచోట ఉంచారు. అలా ఉంచడమే సరైన పని అనిపించింది. పొద్దున్నే వెళ్లండి, పది దాటితే ఎండకి నిలబడలేం.

ఎల్మినాకి కారు మాట్లాడుకోవడంలోనే మోసపోయాం. అక్రాలో ఒక ట్రావెల్ ఏజెంటు 1,800 సీడీలకి కారు, టికెట్లు, గైడు అన్నీ కలిపే అన్నాడు. తీరా కోట గేటు దగ్గరికి వెళ్లాక డ్రైవరు "టికెట్లు మీవే" అన్నాడు. ఏజెంటుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. విదేశీయుల టికెట్టు స్థానికుల టికెట్టు కంటే చాలా ఎక్కువ, గైడు డబ్బులు వేరే. పైగా గంటన్నర దాటితే వెయిటింగ్ చార్జీ 200 అని డ్రైవరు ముందే చెప్పి పెట్టాడు. మా బావమరిదికి ఒళ్లు మండి గేటు దగ్గరే గొడవ పెట్టుకున్నాడు. మా ఆవిడ అతన్ని చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్లింది. ఆ 200 కట్టాం కానీ తొందరపడలేదు. ఏం మాట్లాడుకున్నా వాట్సాప్‌లో రాయించుకోండి, డబ్బు సగమే ముందివ్వండి. గేటు బయట కుర్రాళ్లు పేరు అడిగితే చెప్పొద్దు. మీరు బయటికి వచ్చేసరికి గవ్వ మీద మీ పేరు రాసి ఉంటుంది, డబ్బులివ్వమంటారు.

ఎల్మినా కోటని 1482లో పోర్చుగీసువాళ్లు కట్టారు. 1637లో డచ్చివాళ్లు లాక్కున్నారు, 1872లో బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది. బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లని కుక్కిన చీకటి గదుల గురించి అందరూ రాస్తారు, అవి చూసి తీరాలి. కానీ మొదటి ప్రెంపేని ఉంచిన గది దగ్గర కూడా కాసేపు ఆగండి. ఆయన కుమాసీ రాజధానిగా ఏలిన అసంతే ప్రజల రాజు. 1896 జనవరిలో బ్రిటిష్ సైన్యం కుమాసీకి వస్తే ఆయన యుద్ధానికి దిగలేదు. అయినా తల్లితో సహా అరెస్టు చేసి ముందు ఈ కోటలో, తర్వాత సియెర్రా లియోన్‌లో, 1900 నుంచి సీషెల్స్ దీవుల్లో ఉంచారు. మళ్లీ సొంతూరు చూసింది 1924లో.

ఆయన కథ మిగతాదంతా కుమాసీలోనే ఉంది. అక్రా నుంచి ఏసీ బస్సు మనిషికి 180 సీడీలు, ఆరు గంటలు పట్టింది. మేం దిగిన గెస్ట్‌హౌస్ రాత్రికి 450. జనరేటరు ఉందన్నారు కానీ కరెంటు పోయాక డీజిల్ లేదన్నారు. రాత్రంతా దోమలు, పొద్దున బకెట్ నీళ్లు. మా ఆవిడ ఇక అక్కడ ఉండనంది. రెండో రోజు 620 పెట్టి వేరేచోటికి మారాం, ఆ 170 తేడా చూసుకోకండి. ఆవిడ మూడ్ మార్చింది మాత్రం రోడ్డు పక్క హోటల్లో 45 సీడీల రెడ్ రెడ్: పామాయిల్‌లో వండిన బొబ్బర్ల కూర, పక్కన పండు అరటి వేపుడు ముక్కలు. చేప తినకపోతే ముందే చెప్పండి, కూరల్లో ఎండు చేప పొడి కలిపేస్తుంటారు.

ఇక మన్హియా ప్యాలెస్ మ్యూజియం. తిరిగొచ్చిన ప్రెంపే కోసం బ్రిటిష్‌వాళ్లు 1925లో కట్టించిన ఇల్లు ఇది. ఖర్చంతా అసంతేలు తామే చెల్లించాకే రాజు అందులో అడుగుపెట్టాడని మా గైడు చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన అమ్మాయి, ఒక్క కాగితం చూడకుండా చెప్పుకుపోయింది. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసీకి వచ్చి, అసంతేల ప్రాణమనుకునే బంగారు పీఠాన్ని తాను కూర్చోడానికి తెమ్మన్నాడట. రాజే కూర్చోని పీఠం అది. కుమాసీ దగ్గరి ఎజిసు రాజమాత యా అసంతేవా యుద్ధానికి లేచింది. ఆవిడనీ సీషెల్స్‌కే పంపారు, 1921లో అక్కడే చనిపోయింది. పీఠం మాత్రం బ్రిటిష్‌వాళ్లకి దొరకలేదు.

నేను కదలకుండా నిలబడిపోయింది బంగారం దగ్గర. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసీ రాజభవనాన్ని దోచుకుని ఊరిని తగలబెట్టింది. ఆ సొత్తు కొంత లండన్‌లో వేలానికి వెళ్లింది. సరిగ్గా 150 ఏళ్లకి, 2024లో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నుంచి 17, బ్రిటిష్ మ్యూజియం నుంచి 15 వస్తువులు ఇక్కడికొచ్చాయి. రాజు ఆత్మని శుద్ధి చేసే ఉద్యోగి మెడలో వేసుకునే గుండ్రటి బంగారు బిళ్ల ఒకటి చూశాను. మధ్యలో పువ్వు, చుట్టూ సన్నటి గీతలు, ఒక్క గీత కూడా తడబడలేదు. ఆ 32లో దోచుకోనిది నాకు తెలిసి ఒక్కటే, 1817లో ఒక ఆంగ్లేయుడికి బహుమతిగా ఇచ్చిన చిన్న బంగారు వీణ.

ఇవన్నీ మూడేళ్ల అప్పు మీద వచ్చినవి! శాశ్వతంగా ఇవ్వడానికి తమ చట్టం ఒప్పుకోదంటారు. బ్రిటిష్ మ్యూజియానికైతే అది 1963 నాటి చట్టం. 2024లోనే లాస్ ఏంజెలెస్‌లోని ఫౌలర్ మ్యూజియం మాత్రం తన దగ్గరున్న ఏడు అసంతే వస్తువులని పూర్తిగా ఇచ్చేసింది. "వాళ్ల సొమ్ము వాళ్లకే గడువు పెట్టి ఇవ్వడం ఏంటండీ" అంది మా ఆవిడ. తనది గుంటూరు. అమరావతి స్తూపం పలకలు ఆ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. చాలాసేపు మేం ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. గైడుకి 50 సీడీలు ఇస్తే మా బావమరిది తన జేబులోంచి ఇంకో 50 కలిపాడు.

మ్యూజియానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. యా అసంతేవా సైన్యం ముట్టడించిన కుమాసీ కోట కూడా ఊళ్లోనే ఉంది, ఇప్పుడు సైనిక మ్యూజియం. మధ్యాహ్నం అటు వెళ్లొచ్చు. అప్పు గడువు 2027 దాకానే, ఇంకో మూడేళ్లు పొడిగించుకునే వీలుందట. ఆ బంగారం చూడాలనుకుంటే ప్రయాణం మరీ వాయిదా వేయకండి.