సీపీఆర్ క్లాసు బాగుంది, బొమ్మే చాల్లేదు

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఆదివారం పెట్టించుకున్న సీపీఆర్ (గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) క్లాసుకి పెట్టిన డబ్బు దండగ కాలేదు. స్లైడ్లతో విసిగించకుండా నేరుగా ప్రాక్టీసుకి తెచ్చిన మనిషి బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. అరచేతి అడుగుభాగం ఛాతీ మధ్య ఎముక మీద ఆనించి, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. సరిగ్గా దిగితే బొమ్మ టిక్కుమంటుంది. నా చేతికి మొదట్లో అది నోరే విప్పలేదు! రెండు నిమిషాలకే భుజాలు పీకేస్తాయి, అందుకే మనిషి మారాలట. 108కి చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టేయమన్నారు.

ఆగిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం ఏఈడీని మాత్రం ఫొటోలో చూపించి సరిపెట్టేశారు. పైగా అంతమందికి ఒక్క బొమ్మ ఏ మూలకి? మా అత్తయ్యగారి వంతు వచ్చేసరికి భోజనాల టైమైంది. బుక్ చేసేముందు బొమ్మలెన్ని తెస్తారో అడగండి.