నానో కార్బైడ్ పూతకు ఏది మేలు: కోల్డ్ స్ప్రేనా, హెచ్‌వీఓఎఫ్‌నా?

నానో టంగ్‌స్టన్ కార్బైడ్-కోబాల్ట్ పౌడర్ (లోహ భాగాలు అరగకుండా పూతగా వేసేది; గట్టి కార్బైడ్ స్ఫటికాలను కోబాల్ట్ లోహం పట్టి ఉంచుతుంది) కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. హెచ్‌వీఓఎఫ్ (ఇంధనం, ఆక్సిజన్ కలిపి మండించిన మంటతో పౌడర్‌ను వేగంగా చిమ్మే పద్ధతి) చాలా పూతల షాపుల్లో దొరుకుతుంది, కోల్డ్ స్ప్రే (మంట లేకుండా, వేగంగా వచ్చే వాయువుతో పౌడర్‌ను చిమ్మే పద్ధతి) అంత తేలిగ్గా దొరకదు. అయినా నేను ముందు చూసేది ఒక్కటే: పౌడర్‌లో ఉన్న నానో స్ఫటికాలు పూతలో మిగులుతాయా?

హెచ్‌వీఓఎఫ్ మంట 3,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రేణువులో కోబాల్ట్ కరుగుతుంది, కార్బైడ్ అందులోకి కరిగిపోతుంది, కార్బన్ కొంత ఆక్సిజన్‌తో కలిసి వాయువుగా పోతుంది. చల్లారాక పెళుసైన డబ్ల్యూ2సీ (కార్బన్ తగ్గిన టంగ్‌స్టన్ కార్బైడ్) మిగులుతుంది. స్ఫటికం ఎంత చిన్నదైతే కరగడానికి అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది కాబట్టి దెబ్బ ఎక్కువ తగిలేది నానో పౌడర్‌కే. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న పౌడర్‌తో వేసిన పూత కొన్నిసార్లు మామూలు పౌడర్ పూత కంటే ముందే అరిగిపోవడం అందుకే.

కోల్డ్ స్ప్రేలో రేణువు కరగదు, వేగంతోనే అతుక్కుంటుంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక రకాలను గుర్తించే పరీక్ష) తీస్తే పౌడర్‌లో ఉన్న దశలే, అంటే స్ఫటిక రకాలే, పూతలోనూ కనిపిస్తాయి. చిమ్మే వాయువుగా హీలియం వాడి వేసిన పూతల్లో దాదాపు 1,800 విక్కర్స్ (కాఠిన్యపు కొలత) కాఠిన్యం వచ్చింది.

అయితే పింగాణీ జాతి పదార్థం లోహంలా సాగదు కదా, ఎలా అతుక్కుంటుంది? కిటుకంతా పౌడర్‌లోనే ఉంది. నానో స్ఫటికాలు ముద్దకట్టిన రేణువు లోపల సన్నని ఖాళీలు ఉండాలి. గుద్దుకున్నప్పుడు ఆ ఖాళీలు మూసుకుపోతాయి, స్ఫటికాలు సర్దుకుంటాయి, కోబాల్ట్ వాటిని పట్టి ఉంచుతుంది. గట్టిగా సింటర్ చేసిన (వేడితో లోపల ఖాళీల్లేకుండా బిగించిన) రేణువైతే ఎగిరిపోతుంది, పైగా అడుగు లోహాన్ని కోసేస్తుంది. మరీ బలహీనమైన ముద్ద అయితే తగలగానే చెదిరిపోతుంది. అందుకే కొనేముందు రేణువు అడ్డుకోత ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటో తప్పకుండా అడగండి.

హీలియం ఖర్చు నిజంగా భారమే, మందపాటి పూతా కష్టమే. మామూలు పౌడర్‌తో మందంగా వేయాలంటే హెచ్‌వీఓఎఫే మేలు. ప్లాస్మా స్ప్రే (వాయువును ప్లాస్మాగా మార్చి పౌడర్‌ను కరిగించి చిమ్మే పద్ధతి) ఇంకా వేడి, ఈ పౌడర్‌కు వద్దు. కోబాల్ట్ లేని అల్యూమినా లాంటి వాటికి ఏరోసాల్ డిపాజిషన్ (సన్నని పొడిని వాయువులో కలిపి, కరిగించకుండా పూతగా వేసే పద్ధతి) చూడండి.

నానో పౌడరే వాడుతున్నారా, అయితే నా ఓటు కోల్డ్ స్ప్రేకే. ఒక శాంపిల్ వేయించి, కాపర్ ట్యూబ్ (ఎక్స్‌రేలు కాపర్ నుంచి వచ్చే) ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్‌లో 39.5 డిగ్రీల కోణం దగ్గర చూడండి. అక్కడ శిఖరం లేస్తే డబ్ల్యూ2సీ వచ్చినట్టే. శిఖరాల వెడల్పుతో మాత్రం స్ఫటికం సైజు తేల్చేయకండి. గుద్దుడు వల్ల మిగిలిన ఒత్తిడి కూడా వాటిని వెడల్పు చేస్తుంది. సైజుకు టీఈఎం (స్ఫటికాలను నేరుగా చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) తీయించాల్సిందే.