ఆరేళ్లు తెలుగు టాస్కులు చేశాక: ఒక క్రౌడ్‌సోర్సింగ్ వేదికపై సమీక్ష

నేను 2019 నుంచి ఒక క్రౌడ్‌సోర్సింగ్ వేదికలో తెలుగు టాస్కులు చేస్తున్నాను. సంస్థలు తమ పనిని వేల ముక్కలుగా విడగొట్టి, ఊరూ పేరూ తెలియని జనానికి ముక్కకు ఇంతని ఇచ్చి చేయించుకోవడమే ఈ పద్ధతి. అమలాపురంలో ఇంట్లోనే కూర్చుని, తెరపై వచ్చిన వాక్యాలను చదివి రికార్డు చేశాను, ఇతరుల మాటలను విని రాసిపెట్టాను, ఫోటోలోని వస్తువులకు పేర్లు పెట్టాను.

డబ్బు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఆమోదం పొందిన పనికి రావలసినది ప్రతిసారీ బ్యాంకు ఖాతాలో పడింది. 2020లో నేను పనిచేసే ప్రైవేటు బడిలో జీతాలు ఆగిపోయినప్పుడు పాల ఖాతా, కరెంటు బిల్లు దీనితోనే తీర్చాను కనుక ఆ మేలును తక్కువ చేసి చెప్పలేను.

రికార్డింగు పని చూడడానికి సులువు, చేయడానికి కష్టం. ఏప్రిల్ నెలలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, నలభై వాక్యాలు చదవాలి. ఒకసారి పెరట్లో కొబ్బరి దింపు జరుగుతుండగా కాయ పడిన చప్పుడు ఒక వాక్యం చివర వినిపించినందుకు కాబోలు, ఆ బ్యాచ్ మొత్తం తిరస్కరించారు. ఏ వాక్యంలో లోపముందో చెప్పి ఉంటే ఆ ఒక్కటే మళ్లీ చదివేదాన్ని. కారణం రాయకుండా రిజెక్ట్ చేయడం ఈ వేదికలో నాకు కనిపించిన మొదటి లోపం.

రెండవది ఇంకా లోతైనది. ఒక ఫోటోలో లేత పచ్చని పొడుగు కాయ వచ్చింది, నేను ఆనపకాయ అని రాశాను. అదే ప్రశ్నను మరో ఇద్దరికి కూడా పంపుతారు, ముగ్గురిలో ఇద్దరు కలిసిన జవాబే సరైనదవుతుంది. ఆ ఇద్దరూ సొరకాయ అన్నారు కాబోలు, నాది తప్పుగా నమోదైంది. మా గోదావరి వైపు అది ఆనపకాయ, రాయలసీమలో సొరకాయ, రెండూ తెలుగే. అటువంటివి వరుసగా పడేసరికి ఖచ్చితత్వపు మార్కు తగ్గి, ఎక్కువ రేటు ఉన్న టాస్కులు నాకు కనిపించడం మానేశాయి. మార్కు నిలబెట్టుకోవడానికి కొన్నాళ్లు మా ఇంటి మాటను పక్కనబెట్టి, ఎక్కువమంది రాస్తారనిపించిన మాటను రాశాను. తెలుగు చెప్పే టీచరుగా అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే ఈ టాస్కుల జవాబులతో తెలుగు నేర్చుకునే కంప్యూటరుకు ఆనపకాయ అనే మాట ఉన్నట్టే తెలియదు.

మెజారిటీ పద్ధతి అన్నిచోట్లా చెడ్డదని నేననడం లేదు. కంప్యూటర్లకు బొమ్మలను గుర్తించడం నేర్పే ఇమేజ్‌నెట్ చిత్రకోశాన్ని 167 దేశాలకు చెందిన దాదాపు 49 వేల మంది అమెజాన్ మెకానికల్ టర్క్ అనే క్రౌడ్‌సోర్సింగ్ వేదిక ద్వారా వర్గీకరించినప్పుడు, ఒకే బొమ్మను పలువురికి చూపించి ఓటు తీసుకోవడం వల్లనే అంత పెద్ద పని సాధ్యమైంది. బొమ్మలో ఉన్నది కుక్కా కాదా అని తేల్చడానికి ఓటు సరిపోతుంది, దాన్ని ఏ ఊళ్లో ఏమంటారో తేల్చడానికి సరిపోదు.

నియమాలను ముందే స్పష్టంగా చెప్పే విషయంలో, జనం నుంచి పనిని కాక ఆలోచనలను కోరే సంస్థల తీరు మెరుగు. ఆటవస్తువుల సంస్థ లెగో అభిమానుల నమూనాలను కోరే లెగో ఐడియాస్‌లో 10,000 మంది మద్దతు వచ్చిన నమూనాను సంస్థ పరిశీలిస్తుందని, అది ఆటవస్తువుగా మార్కెట్లోకి వస్తే నికర అమ్మకాల్లో 1 శాతం రూపకర్తకు ఇస్తుందని ముందే చెబుతారు. నెట్‌ఫ్లిక్స్ 2006లో ప్రకటించిన పది లక్షల డాలర్ల పోటీలో కూడా గెలుపు కొలత, అంటే ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో చెప్పే సిఫార్సుల ఖచ్చితత్వం 10 శాతం పెరగాలన్నది, మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. 2009లో ఆ కొలతను దాటిన జట్టుకే బహుమతి దక్కింది. మా చిన్న టాస్కులకూ అలాంటి స్పష్టత ఉండాలి. నమోదు సమయంలో జిల్లా అడిగి, ఒక ఫోటోకు రెండు మూడు సరైన పేర్లను అంగీకరించి, తిరస్కరణకు ఒక్క వాక్యం కారణం రాస్తే చాలు.

తీరిక సమయంలో అదనపు రాబడి కోరే వారికి ఈ వేదికను సూచిస్తాను. దీన్నే జీవనాధారం చేసుకుందామనుకునే వారికి మాత్రం వద్దంటాను, ఎందుకంటే తెలుగు టాస్కులు ఒక నెల వందల్లో వచ్చి, మరుసటి నెల ఒక్కటీ రాకపోవచ్చు. పోయిన ఏడాది నుంచి ఒక క్లయింట్ బ్యాచ్‌లలో జవాబు కింద ‘మీ ప్రాంతంలో వేరే పేరుందా’ అనే చిన్న గడి వస్తోంది. ప్రస్తుతం నేను ఆ బ్యాచ్‌లే తీసుకుంటున్నాను.