పోస్ట్‌గ్రెస్ రీలోడ్: ‘టి’ అంటే సరే అని కాదు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని నెట్‌వర్క్‌కి తెరిచేటప్పుడు, సర్వర్ ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే లిసెన్_అడ్రసెస్ సెట్టింగు గురించే అందరూ చెబుతారు. అది తేలికే: మార్చి, రీలోడ్ (ఆపకుండానే సెట్టింగులు మళ్లీ చదివించడం) కాకుండా రీస్టార్ట్ చేస్తే 5432 పోర్టు తెరుచుకుంటుంది. ఏళ్లు వాడినా నాకు చికాకు తగ్గనిది, ఎవరు ఎక్కడినుంచి ఎలా లాగిన్ కావచ్చో రాసుకునే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైలుతోనే.

అందులో ఒక లైన్ చేర్చి సెలెక్ట్ పీజీ_రీలోడ్_కాన్ఫ్() కొడితే ‘టి’ (ట్రూ) అని వస్తుంది. పనైపోయిందనుకుంటాం. ఆ ‘టి’ చెప్పేది సర్వర్‌కి సిగ్నల్ పంపామని మాత్రమే. ఫైల్లో ఒక్క లైన్ తప్పున్నా కొత్త ఫైలు మొత్తాన్నీ పక్కన పడేసి పాత రూల్స్‌తోనే నడుస్తుంది. ఆ సంగతి లాగ్‌లో తప్ప ఎక్కడా కనపడదు. (ఇదంతా లినక్స్ మాట, విండోస్ తీరు వేరు.)

తరచూ దొర్లే తప్పు, 10.0.5.12 అని రాసి వెనక /32 (ఆ ఒక్క ఐపీకే అని చెప్పే మాస్క్) మర్చిపోవడం. స్లాష్ లేకపోతే పక్క పదాన్నే మాస్క్ అనుకుంటుంది. దాంతో ఆ లైన్లో పాస్‌వర్డ్ పద్ధతిగా రాసిన ‘స్క్రామ్-షా-256’ చెల్లని ఐపీ మాస్క్ అని లాగ్‌లో పడుతుంది. అది చూసి పాస్‌వర్డ్ సెట్టింగుల్లో వెతుక్కుంటూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది: నెలల తరబడి బాగానే నడిచిన సర్వర్‌ని ఏ ప్యాచ్ కోసమో రీస్టార్ట్ చేస్తే, ఇక లేవదు. పాత రూల్స్ ఉన్నది మెమరీలోనే కదా! ఆ లైన్ ఎవరు రాశారో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

10వ వెర్షన్‌తో వచ్చిన పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ అనే వ్యూ (టేబుల్‌లా అడిగి చూసుకునేది) దీనికి సరైన మందు. రీలోడ్‌కి ముందే, ఎర్రర్ కాలమ్ నల్ (ఖాళీ) కాని వరసలు అడిగితే లైన్ నంబర్‌తో సహా పట్టిస్తుంది. కాకపోతే అది చూపించేది డిస్క్ మీదున్న ఫైల్ని, సర్వర్ ఇప్పుడు పాటిస్తున్న రూల్స్‌ని కాదు. లైన్ల క్రమం తప్పితే దానికీ తెలియదు. పైనుంచి మొదట సరిపోయిన లైనే ఖరారు, పైన 10.0.0.0/8కి (10తో మొదలయ్యే ఐపీలన్నిటికీ) రిజెక్ట్ ఉంటే కింద 10.0.5.12/32 ఎంత శుభ్రంగా రాసినా వృథానే, వ్యూలో మాత్రం ఏ ఎర్రరూ ఉండదు.

నావి నాలుగైదు సర్వర్లు, సూపర్‌యూజర్ హక్కు నా దగ్గరే ఉంది కాబట్టి ఈ వ్యూతో సర్దుకుపోతున్నాను. ఆ హక్కు లేనివాళ్లకు మామూలుగా అది తెరుచుకోదు. ఫైల్ని స్క్రిప్టే రాసి, ‘టి’ చూసి ముందుకెళ్లే చోటయితే లాగ్‌లో ‘నాట్ రీలోడెడ్’ కోసం వెతికే లైన్ ఒకటి ఆ స్క్రిప్టులోనే పెట్టుకోవాలి.