ఉమ్మడి నీళ్లు, ఉమ్మడి గాలి: కేసా, కమిషనా, ఒప్పందమా? ఏది మేలు?

పక్క దేశం వదిలిన మురికి మన నదిలోకి వస్తోంది, లేదా అక్కడి పొగ మన ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. ఇలాంటప్పుడు దేశాలు ఇప్పటిదాకా ప్రధానంగా మూడు దారులు పట్టాయి. మధ్యవర్తుల ముందు కేసు వేయడం, రెండు దేశాలూ కలిసి శాశ్వత కమిషన్ పెట్టుకోవడం, చాలా దేశాలు కూర్చుని ఎవరెంత తగ్గించాలో అంకెలతో రాసుకోవడం. నా మటుకు నీటికి కమిషన్ మేలు, గాలికి అంకెలున్న ఒప్పందం మేలు. కేసు ఆఖరి దారిగానే ఉండాలి.

కేసుల్లో అందరూ ముందు చెప్పేది ట్రెయిల్ కేసు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, అమెరికా సరిహద్దుకు దగ్గర్లో ట్రెయిల్ అనే ఊళ్లో సీసం, జింకు కరిగించే కర్మాగారం ఉంది. దాని సల్ఫర్ డయాక్సైడ్ పొగ కొలంబియా నది లోయ వెంట దిగి, వాషింగ్టన్ రాష్ట్ర రైతుల పంటల్నీ చెట్లనూ మాడ్చేసింది. 1931లో ఇరుదేశాల కమిషన్ 3,50,000 డాలర్ల పరిహారం సిఫారసు చేసింది. అయినా పొగ ఆగలేదు. 1935లో ఒప్పందం రాసుకుని ట్రైబ్యునల్ వేసుకున్నారు. అది 1938లో మరో 78,000 డాలర్లు ఇప్పించి, 1941లో తుది తీర్పు చెప్పింది. పక్క దేశానికి తీవ్ర హాని జరిగేలా తన నేలను వాడుకునే హక్కు ఏ దేశానికీ లేదన్న సూత్రం ఈ తీర్పుతోనే స్థిరపడింది.

సూత్రం గొప్పదే. కానీ నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది అందులోని పొగ నియంత్రణ భాగం. రాత్రంతా లోయలో పైన నిలిచిన పొగ, పొద్దెక్కి నేల వేడెక్కగానే ఒక్కసారిగా పొలాల మీదికి దిగుతుందని నిపుణులు కొలిచి తేల్చారు. అందుకే పంటకాలమా కాదా, పగలా రాత్రా, గాలి ఎటు వీస్తోంది అన్నవి చూసి గంటకు ఎంత వదలొచ్చో పరిమితులు పెట్టారు. ఇదంతా కుదిరిందంటే దోషి ఒక్కటే, లోయ ఒక్కటే కాబట్టి. వందల పొగగొట్టాలు, లక్షల వాహనాలు ఉన్నచోట ఎవరి మీద కేసు వేస్తాం? తిలాపాపం తలా పిడికెడు అన్నట్టుంటుంది. పైగా తీర్పు వచ్చేలోపు ఒక తరం రైతు బతుకు గడిచిపోతుంది.

కమిషన్ సంగతి వేరు. 1909 సరిహద్దు జలాల ఒప్పందంతో అమెరికా, కెనడా పెట్టుకున్న సంయుక్త కమిషన్‌లో చెరో ముగ్గురు సభ్యులు. పై 3,50,000 డాలర్ల సిఫారసు కూడా దానిదే. 1960లలో, రెండు దేశాల సరిహద్దులోని మహా సరస్సుల్లో ఒకటైన ఈరీ సరస్సు నాచుతో నిండిపోతుంటే, భాస్వరమే అసలు కారణమని ఈ కమిషన్ అధ్యయనం చెప్పింది. రెండు దేశాల శాస్త్రవేత్తలూ కలిసి కొలిచిన లెక్క కాబట్టి, నెపం అవతలివాళ్ల మీదికి నెట్టే వీలు ఎవరికీ లేకపోయింది. 1972లో మహా సరస్సుల నీటి నాణ్యతా ఒప్పందం వచ్చింది, మురుగునీటి శుద్ధి కేంద్రాలకు పెద్ద ఎత్తున డబ్బు పెట్టారు, భాస్వరం బాగా తగ్గింది.

కమిషన్‌కు ఉన్న లోటూ ఈ సరస్సులోనే బయటపడింది. పైపు నుంచి వచ్చే మురుగును పట్టుకోగలిగారు గానీ, పొలాల నుంచి వానకు కొట్టుకొచ్చే ఎరువును అదుపు చేయలేకపోయారు. 2014 ఆగస్టులో నాచు విషం వల్ల, ఆ సరస్సు నీళ్లు తాగే అమెరికా నగరం టోలెడోలో లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. కాలుష్యం విషయంలో కమిషన్ చేసేది సిఫారసే, అమలు ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. ఇది తెలిసి కూడా నేను నీటికి కమిషన్‌నే ఎంచుకుంటాను. కేసు ముగిస్తే ట్రైబ్యునల్ వెళ్లిపోతుంది, కమిషన్ మాత్రం ఏటా కొలుస్తూనే ఉంటుంది.

గాలికి రెండు దేశాల బల్ల సరిపోదు. స్వీడన్, నార్వే సరస్సుల్లో చేపల్ని చంపిన ఆమ్లవర్షం చాలావరకు ఇతర దేశాల చిమ్నీలు వదిలిన సల్ఫర్ పొగ వల్ల వచ్చింది. 1979లో జెనీవాలో, ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తుండగానే, తూర్పు పశ్చిమ దేశాలు రెండూ సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. మొదట్లో అందులో అంకెలే లేవు. దాన్ని నిలబెట్టింది ఉమ్మడి పరిశీలనా కేంద్రాల వ్యవస్థ. ఎవరి సల్ఫర్ ఎవరి నేల మీద ఎంత పడుతోందో అది లెక్కగట్టి చూపింది. 1985లో సల్ఫర్‌ను 30 శాతం తగ్గించాలన్న ప్రోటోకాల్ వచ్చింది. బ్రిటన్ చేరలేదు. 1994లో, ఏ నేల ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదో చూసి దేశానికో లక్ష్యం పెట్టినప్పుడు అదే బ్రిటన్ సంతకం చేసింది.

అంకెలు లేకపోతే ఏమవుతుందో ఆగ్నేయాసియా చూపిస్తోంది. 2002లో పొగమంచు కాలుష్యంపై ఆసియాన్ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అడవి, పీట్ నేలల (కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేలల) మంటలకు కేంద్రమైన ఇండోనేషియా దాన్ని ఆమోదించడానికి 2014 దాకా పట్టింది. ఎవరెంత తగ్గించాలో లేదు, మాట తప్పితే శిక్షా లేదు. మరుసటి ఏడాదే, 2015లో, ఆ ప్రాంతాన్ని దారుణమైన పొగ కమ్మేసింది.

నీటి కమిషన్‌తో అంత అనుభవం ఉన్న అమెరికా, కెనడాలు కూడా ఆమ్లవర్షం విషయానికొచ్చేసరికి దాన్ని కమిషన్‌కే వదిలేయలేదు. 1991లో విడిగా గాలి నాణ్యతా ఒప్పందం చేసుకుని, సల్ఫర్‌కు, నైట్రోజన్ ఆక్సైడ్లకు లక్ష్యాలు రాసుకున్నాయి. 2000లో నేల దగ్గరి ఓజోన్ కాలుష్యాన్నీ చేర్చాయి. కమిషన్‌కు అప్పగించింది ఆ ఒప్పందం ప్రగతి నివేదికలపై ప్రజల అభిప్రాయాలు సేకరించే పని.