పెన్సిల్వేనియా అవెన్యూలో పరేడ్ చరిత్ర నడక: చెప్పింది బాగుంది, నడిపించిన దిశే తిరగబడింది

వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు భవనమైన కాపిటల్ ముందు ఒకటి, వైట్‌హౌస్ ముందు ఒకటి ఫొటో తీయించి పంపించే టూర్లకు కొదవ లేదు. ఆ రెండింటినీ కలిపే మైలున్నర రోడ్డునే ప్రధానంగా తీసుకొని, దాని మీద సాగే అధ్యక్షుల ప్రమాణ స్వీకార పరేడ్ చరిత్రను నడుస్తూ వివరించే ఏర్పాటు మాత్రం అరుదు. స్థానికంగా ఒక చిన్న సంస్థ నిర్వహిస్తున్న అటువంటి నడకకు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తమామలతో కలిసి వెళ్లాము.

గైడ్‌కు విషయం మీద మంచి పట్టు ఉంది. 1805లో జెఫర్సన్ రెండోసారి ప్రమాణం చేసి వస్తుంటే నేవీ యార్డు పనివారు బ్యాండుతో వెంట నడవడం దగ్గర మొదలుపెట్టి, 1953లో ఐసన్‌హోవర్ ముందు నాలుగున్నర గంటలకు పైగా సాగిన పరేడ్ వరకు ఆసక్తి సడలకుండా చెప్పారు. ఆ రోజు ఏనుగులు కూడా నడిచాయని, అధ్యక్షుడు పరేడ్ చూసే వేదిక దగ్గరకు ఒక కౌబాయ్ వచ్చి సాక్షాత్తు అధ్యక్షుడి మీదికే పలుపుతాడు విసిరాడని విని మా మామగారు పగలబడి నవ్వారు. చలి కథలు ఇంకా బాగున్నాయి. 1873లో వాద్యకారుల ఊపిరి తేమ వాద్యాల్లోనే గడ్డకట్టడంతో బ్యాండ్లు మూగబోయాయి. 1985లో రేగన్ పరేడ్ రద్దయింది. 2025లో పరేడ్‌ను ఇండోర్ స్టేడియం లోపలికి మార్చారు. అంతకుముందు మార్చి 4న జరిగే ప్రమాణ స్వీకారాన్ని ఇరవయ్యో రాజ్యాంగ సవరణ జనవరి 20కి జరిపిందని, 1937 నుంచి అదే ఆనవాయితీ అని గుర్తుచేస్తే, మంచుతో ఈ తంటా ఎందుకు పెరిగిందో వేరే చెప్పనక్కర లేదు.

ఫ్రీడమ్ ప్లాజాలో నేల మీద రాళ్లతో పరచిన, వాషింగ్టన్ రూపశిల్పి లాన్‌ఫాంట్ గీసిన నగర పటం దగ్గర ఆపి, పరేడ్‌కు ముందు మ్యాన్‌హోల్ మూతలను వెల్డింగ్‌తో బిగించడం, తపాలా డబ్బాలను తొలగించడం వంటి ఏర్పాట్లను వివరించిన పది నిమిషాలు నాకు అన్నిటికంటే నచ్చాయి.

అయితే నడక వైట్‌హౌస్ దగ్గర మొదలై కాపిటల్ దగ్గర ముగుస్తుంది. పరేడ్ సాగేది ఇందుకు సరిగ్గా ఎదురుదిశలో. కాపిటల్ నుంచి తిన్నగా వచ్చే దారికి ట్రెజరీ భవనం అడ్డుపడటం, ఊరేగింపు పదిహేనో వీధి మీదుగా మలుపు తిరగడం, ఆ తరువాతే వైట్‌హౌస్ ముందున్న వేదిక కనబడటం అనే క్రమం తలకిందులవుతుంది. 1977లో కారు దిగి కుటుంబంతో నడిచిన కార్టర్‌కు ఆ దారి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవడానికి వెనక్కి తిరిగి చూడవలసి వచ్చింది.

రెండో లోపం ఇంతకన్నా పెద్దది. విల్సన్ ప్రమాణ స్వీకారానికి ముందు రోజు, 1913 మార్చి 3న, ఓటు హక్కు కోసం వేలాది మహిళలు ఇదే రోడ్డు మీద ఊరేగింపు తీస్తే, జనం దారి మూసేసి వేధిస్తున్నా పోలీసులు చాలాచోట్ల చోద్యం చూశారు. 1865లో లింకన్ పరేడ్‌లో తొలిసారి నల్లజాతివారు పాల్గొన్నారు. ఈ రెండింటికీ కలిపి రెండే వాక్యాలు దక్కాయి. కౌబాయ్‌కి ఇచ్చిన సమయంలో సగమైనా వీటికి ఇవ్వవలసింది.

ఇయర్‌ఫోన్లు ఇవ్వరు కనుక ట్రాఫిక్ హోరులో పెద్దవారు గైడ్ పక్కనే నడవడం మంచిది. కుటుంబమంతా కలిసి విడిగా బుక్ చేసుకుంటే కాపిటల్ వైపు నుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకుంటామన్నారు. అలా అడిగే వెళ్లండి.