తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న ఆకుపచ్చ చాజుబుల్

నేను క్యాథలిక్ గురువునైన రోజు, గురుపట్టాభిషేకం నాడు, ఇంటివాళ్లు నాకు తెల్లటి చాజుబుల్ ఇచ్చారు. పూజలో గురువు అన్నిటికీ పైన వేసుకునే వదులైన వస్త్రం అది. ముందూ వెనకా బంగారు జరీ. చూడముచ్చటగా ఉంటుంది గానీ, పెద్ద పండగలకు తప్ప బీరువా దాటి రాదు. ఎక్కువగా ఒంటి మీద ఉండేది తర్వాత నేనే ఎంచుకున్న ఆకుపచ్చది. ఆకుపచ్చ వేసుకునే సామాన్య కాలమే, అంటే పెద్ద పండగల కాలాలు పోగా మిగిలేదే, ఏడాదికి 33 లేదా 34 వారాలు మరి. రోజా రంగుదైతే రెండే ఆదివారాలు, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో మూడోది, ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సు కాలంలో నాలుగోది. అది ఇంకా కొత్తదానిలా మెరవడంలో వింతేముంది!

ఉన్ని, పాలిస్టర్ కలిపి నేసిన గుడ్డ, లోపల లైనింగ్ లేదు. మడత పెట్టినా ముడతలు నిలవవు. దీని అసలు గుణం తెలిసేది చేతులు చాచి ప్రార్థన చదివేటప్పుడే. వెడల్పాటి కోత కాబట్టి బట్టంతా ముంజేతుల మీదికి చేరుతుంది. జరీదైతే పూజ అయ్యేసరికి భుజాలు లాగేస్తాయి, దీనితో ఆ బాధ లేదు. వస్త్రానికి అందం గుడ్డ వల్ల, ఆకారం వల్ల రావాలి గానీ అతికించిన అలంకారాల వల్ల కాదని రోమన్ మిస్సల్ (పూజ గ్రంథం) సాధారణ నియమాల్లో 344వ పేరా చెబుతుంది. నా భుజాలూ అదే అంటున్నాయి.

లోపాలు లేకపోలేదు. మెడ చుట్టూ కుట్టిన పట్టీ రెండేళ్లకే పీచులేచింది. సగం తప్పు నాదే, మైకు క్లిప్పు రోజూ అక్కడే పెట్టేవాణ్ణి. ఇప్పుడు లోపల వేసుకునే పొడవాటి తెల్ల అంగీ, అంటే ఆల్బ్, మెడకు పెడుతున్నా. కొవ్వొత్తి మైనం రెండుసార్లు పడింది. గట్టిపడ్డాక మెల్లగా గీకి, పైనా కిందా కాగితం పెట్టి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే చాలావరకు పోయింది. కంగారులో తడిగుడ్డతో రుద్దిన మొదటి మరక మాత్రం ఇప్పటికీ ఉంది.

చెమట సంగతి వేరు. కొన్నాళ్లు ఆమిస్, అంటే ఆల్బ్ కింద మెడ చుట్టూ కప్పుకునే గుడ్డ, మానేశాను. ఆల్బ్ మెడను పూర్తిగా కప్పుతుంటే అది లేకపోయినా నియమం ఒప్పుకుంటుంది. ఏడాది తిరిగేసరికి స్టోల్, అంటే మెడలో వేసుకునే పొడవాటి పట్టీ, మెడ దగ్గర నల్లబడింది. మళ్లీ ఆమిస్ మొదలుపెట్టాను. చిన్న నూలు గుడ్డ, ఉతకడం తేలిక. స్టోల్‌ని అలా ఉతకలేం కదా.

ఇది పూర్తిగా పాతబడ్డాక ఇదే గుడ్డతో, ఇదే కోతతో ఇంకొకటి కుట్టించుకుంటాను. మెడ పట్టీ మాత్రం వద్దని ముందే చెబుతాను.